తపస్సు మాను దగ్గర సున్నపు గీత

నిరుడు మే నెల తొమ్మిదో తేదీ, శుక్రవారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు మా పాల కేంద్రం గోడ మీద పంచాయతీ బంట్రోతు నోటీసు అంటించాడు. నేను అప్పుడు చివరి క్యాను మూత బిగిస్తున్నాను. చేతులు తుడుచుకుని వెళ్లి చదివాను.

మా ఊరికి పడమట ఉన్న గుట్ట మీద గాలిమరలు నిలబెట్టడానికి ఒక కంపెనీ అనుమతి కోరింది. గుట్ట మీదికి దారి వేయడం గురించి ప్రజాభిప్రాయాన్ని మే ఇరవై ఒకటిన మండల కార్యాలయంలో వింటారు. అభ్యంతరం ఉన్న భూమి హక్కుదారు పాసు పుస్తకంతో స్వయంగా రావాలి. ఆనాడు సాయంత్రం ఐదు దాటాక ఏదీ నమోదు కాదు. ఇంతే విషయం. కింద ఒక పటం ఉంది. ఆ పటమే నన్ను నిలబెట్టేసింది.

గాలిమర రెక్క మా వీధి కంటే పొడవు. దానిని మోసుకొచ్చే బండి మా మామిడి తోపు మూలన ఉన్న మలుపు తిరగలేదు కనుక, ఆ మూలను కోసి దారిని వెడల్పు చేస్తారు. మా బోరు ఉన్నది సరిగ్గా ఆ మూలనే. అంతకు ముందు తవ్వించిన రెండు చోట్లా దుమ్ము తప్ప ఏమీ రాలేదు. మూడో చోట పడిన నీళ్లు అవి. తోపు మా అన్న పేరున ఉంది. దాని పక్క ఎకరంలో నేను పశుగ్రాసం పెంచుకుంటాను. నా ఏడు ఆవులు తాగేవీ, వాటి గడ్డి తాగేవీ ఆ బోరు నీళ్లే. బోరు పోతే ఆవులు పోతాయి. ఇందులో అనుమానానికి తావు లేదు.

పటం నకలు తీసుకుని అన్న ఇంటికి వెళ్లాను. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కుడి మణికట్టున కొత్త పసుపు దారం. ముందునాటి సాయంత్రమే కాపు కట్టారు. మా ఊళ్లో ఏటా వేసవిలో పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. అర్జునుడి వేషం మా ఇంటిది. నాయన తరువాత అన్న కడుతున్నాడు. పాశుపతం కోసం అర్జునుడు తపస్సు చేసే కథ నాడు, ఆ వేషం కట్టినవాడు గుడి ముందర పాతిన పొడవాటి మాను ఎక్కాలి. వేషం కట్టేవాళ్లూ, గుడి పెద్దలూ, నిప్పుల గుండం తొక్కేవాళ్లూ చేతికి కాపు కట్టించుకున్నాక ధర్మరాజు పట్టాభిషేకం అయ్యేదాకా పొలిమేర రాయి దాటరు. ఒళ్లు బాగాలేక పెద్దాసుపత్రికి పోవాల్సి వచ్చినా, ముందు గుళ్లో కాపు విప్పించుకుని, ఆ ఏటికి వేషం వదులుకుని పోవాల్సిందే.

అన్న పటం చూశాడు. తేదీ చూశాడు. వేళ్ల మీద రోజులు ఎంచాడు.

"ఇరవై ఒకటి తపస్సు పాపా."

"తెలుసు."

"ఆపొద్దు మాను ఎక్కాల. యాడికీ పోయేదానికి ల్యా."

"కాపు విప్పించుకో అన్నా. ఈ ఒక్క ఏడు ఇంకెవురన్నా కడతారు."

"ఎవురు కడతారు? నీ ఆవులు కడతాయా?" అని నవ్వి, నేను నవ్వకపోవడం చూసి ఆపేశాడు. "కాయితం రాసిస్తా. నువ్వు పో. రాసింది నేనే అయినప్పుడు ఎవురిస్తే ఏం?"

నోటీసులో ‘స్వయంగా’ అన్న మాట చూపించాను. ఆయన దానిని చదివి కూడా, కాగితం కాగితమేనన్నాడు. అప్పటికి నేను కానీ, అన్న కానీ, ఊరి పెద్దలు కానీ ఒక విషయం ఆలోచించలేదు. కాపు కట్టుకున్న వాళ్లందరూ అంతే కదా. ఆనాడు మండల కార్యాలయానికి మా ఊరి నుంచి వెళ్లగలిగేది భారతంతో పని లేనివాళ్లే.

ఇరవై ఒకటి, బుధవారం. పదిన్నరకు సమావేశపు హాలు నిండింది. తహసీల్దారు మధ్యన కూర్చున్నారు. నలభై ఏళ్లు దాటని ఆమె, ఎవరు మాట్లాడినా పెన్ను పైకెత్తి వినేవారు. పక్కన కంపెనీ ఇంజినీరు. వేలూరు వైపు అబ్బాయి, తెలుగు తమిళపు యాసలో మాట్లాడుతున్నాడు. పక్క ఊరి గొర్రెల కాపరి ఒకాయన లేచి, మేత సంగతి చెప్పి, చివర అన్నాడు: "మా ఇంట్లో ఫ్యానే తిరగదు మేడం, కరెంటు నిలవదు. గుట్ట మీద మాత్రం అంతంత ఫ్యాన్లు ఎవురి చెమట ఆర్చేదానికి?"

హాలంతా నవ్వింది. మా ఎదురింటి మామ నవ్వలేదు. గుట్ట కింద ఆయన రాళ్ల చేను కంపెనీకి కౌలుకు పోబోతోంది. "పల్లేరు కూడా మొలవని నేలకు కౌలిస్తామంటే వొద్దంటారా? మీకు మేలు జరిగేదానికి ముహూర్తం చూడాలప్పా!" అన్నాడు. ఆయన మాటలోనూ అబద్ధం లేదు. ఆ చేను ఆయనకు ఇన్నేళ్లలో ఒక్క బస్తా గింజలు పెట్టలేదని నాకు తెలుసు.

నా వంతు వచ్చేసరికి పన్నెండున్నర. అన్న కాగితం ఇచ్చాను. తహసీల్దారు చదివారు.

"హక్కుదారు ఎక్కడమ్మా?"

"మా అన్న. ఈ రోజు తపస్సు మేడం. కాపు కట్టుకున్నాడు, పొలిమేర దాటకూడదు."

"అది మీ ఆచారం. నాకు మనిషి కావాలి, ఆయన సంతకం నా ఎదుట పడాలి. రేపు ఎవరైనా కోర్టుకు పోతే నేనేం చెప్పాలి?"

మామ వెనక నుంచి, "అర్జునుడు పాశుపతం తెచ్చుకునేదానికి పోయినాడు మేడం, పాసు పుస్తకం చెల్లెలి చేతిలో పెట్టి!" అన్నాడు. మళ్లీ నవ్వులు. అయినా ఒక్క మాట అడిగాను: మధ్యాహ్నం దారి చూడడానికి అధికారులు ఎలాగూ వస్తున్నారు కదా, పొలిమేర లోపల, మా తోపు మూలనే, ఐదులోపు ఆయన సంతకం తీసుకోకూడదా? తహసీల్దారు గడియారం చూసుకున్నారు. "మూడున్నరకు అక్కడుంటాను. ఆయన కూడా ఉండాలి," అన్నారు.

వాళ్ల జీపులోనే ఊరికి వచ్చాను. మూడుంబావుకు తోపు మూలన దిగాం. దారికి అవతలే ద్రౌపదమ్మ గుడి ముందరి భారత మిట్ట. మిట్ట నిండా జనం. నడుమ తపస్సు మాను, అరవై అడుగుల ఎత్తున్న దుంగ. సంతానం కోరి వచ్చిన ఆడవాళ్లు తడిబట్టలతో దాని చుట్టూ సాష్టాంగపడి ఉన్నారు. అన్న అప్పటికే సగం పైన ఉన్నాడు. ఒక్కో మెట్టుకు ఒక్కో పద్యం. పైకి చేరి, నిమ్మకాయలూ విభూతీ విసిరితే కానీ కిందికి దిగడు. అది నాలుగున్నర కావచ్చు, ఐదూ కావచ్చు. నా చేతిలో ఆయన పాసు పుస్తకం చెమటకు తడిసింది.

ఎదురుచూస్తూ ఊరికే ఉండలేక నేను ఇంజినీరును అడిగాను: "ఈ మలుపు మా బోరు మీద కాకుండా తప్పించే దారి లేదా నాయనా?"

"ఇరుక్కు మేడం... ఉంది. ఆ పక్కకు జరపొచ్చు. ఆ మిట్ట పోరంబోకు కదా." తహసీల్దారు తన కాగితాలు తిరగేసి, మిట్ట గురించి పొద్దున ఎవరూ అభ్యంతరం చెప్పలేదన్నారు. ఎవరు చెబుతారు? చెప్పవలసిన వాళ్లంతా చేతికి కాపుతో ఇక్కడే ఉన్నారు.

ఆ అబ్బాయి టేపు పట్టుకుని, సున్నం చిమ్మే కుర్రవాడిని వెంటబెట్టుకుని దారి దాటాడు. తెల్లని గీత మా తోపు నుంచి వంపు తిరిగి మిట్టెక్కింది. జనం దానిని కూడా పూజలో భాగమనుకుని పక్కకు జరిగారు. గీత తడిబట్టల ఆడవాళ్ల మధ్యగా పోయి, మాను పాతిన రాతి గుంతను ఒక కొస నుంచి ఇంకో కొసకు దాటింది. ఏటా మాను మారుతుంది కానీ ఆ గుంత మారదు. ముత్తాతల కాలం నుంచి అదే గుంత.

పైన పద్యం ఆగిపోయింది.

నేను తలెత్తాను. అన్న కిరీటం పట్టుకుని కిందికి చూస్తున్నాడు. ఆ ఎత్తు నుంచి బోరూ, మలుపూ, గీతా మొత్తం ఒక్క చూపులో కనబడి ఉంటుంది. హార్మోనియం వాయించే ఆయన అదే స్వరాన్ని పట్టుకుని లాగుతూ పోయాడు. "ఏమప్పా, మరిసిపోయినావా?" అని కింద నుంచి ఎవరో అరిచారు. కొంతసేపటికి గొంతు మళ్లీ లేచింది. మిగిలిన పద్యాలను ఆయన ఒక్కటి కూడా వదలలేదు. నిమ్మకాయలు రాలాయి. ఆడవాళ్లు కొంగులు చాచారు.

నాలుగూ నలభైకి దిగాడు. ముఖాన రంగు చెమటకు చారలు కట్టింది. నేరుగా తహసీల్దారు దగ్గరికి వచ్చాడు.

"ఆ గీత చెరిపించండమ్మా."

"మీ చెల్లెలు అడిగితేనే వేశారు. మలుపు ఎటో ఒకవైపు పోవాలి కదా. మీ తోపా, ఈ మిట్టా?"

"నా తోపులోనే పోనీండి."

"అన్నా!" అన్నాను. "బోరు! నా ఆవులకు నీళ్లు యాడ్నించి తేవాల?"

నా వైపు తిరిగాడు. "బోరు నాది పాపా. ఇచ్చేదానికి నాకు హక్కుండాది. మాను నాది కాదు."

"బోరులో నా బతుకు లేదా?"

"ఉండాది." నా ముఖం చూడకుండానే అటు తిరిగాడు. తహసీల్దారుతో అన్నాడు: "ఒక్కటి రాయండమ్మా. పాత బోరు పూడ్చేదానికి ముందే కొత్త బోరు కంపెనీవోళ్లు వేసి, నీళ్లు చూపించాల. ఆ నీళ్లు నా చెల్లెలికి. నాక్కాదు."

ఇంజినీరు నీళ్లకు ఎవరూ పూచీ పడలేరన్నాడు. "అయితే నీళ్లు పడేదాకా వేస్తానే ఉండు నాయనా," అన్నాడు అన్న. తహసీల్దారు పైకెత్తిన పెన్ను దించారు. నీళ్లు చూపేవరకూ పాత బోరును ముట్టుకోరాదని రాశారు. అన్న సంతకం చేశాడు. కాగితం మీద వేలి రంగు అంటింది. నాలుగూ యాభై రెండు. మామ కౌలు చేను దగ్గర నుంచి నడిచి వచ్చి, వేళాకోళం చేయకుండా నిలబడ్డాడు. కుర్రవాడు మాను చుట్టూ సున్నాన్ని కాలితో చెరిపాడు. అది మర్నాటి వాన దాకా పూర్తిగా పోలేదు.

నేను ఆ రాత్రి నాటకానికి వెళ్లలేదు. పట్టాభిషేకం నాడు కూడా వెళ్లలేదు. ఆగస్టులో కొత్త బోరు తవ్వేటప్పుడు, మొదటి చోట దుమ్ము లేచినప్పుడు, అన్న వచ్చి నా పక్కన నిలబడ్డాడు. రెండో చోట బురద చిమ్మింది. ఆయన నా కంటే ముందు దానిని చేతిలోకి తీసుకున్నాడు.

పోయినవి: పాత బోరు, రెండున్నర అంగుళాల నీళ్లు. తోపు మూలన తొమ్మిది తోతాపురి చెట్లు, కాయతో సహా. ఆవులు రెండు, నేనే అమ్మాను. అన్నతో మూడు నెలల మాట.

మిగిలినవి: కొత్త బోరు, ఒకటింబావు అంగుళం. ఆవులు ఐదు. గడ్డి అర ఎకరం. మాను గుంత. ఈ ఏటి కాపు కూడా అన్న చేతికే కట్టారు.