కొత్త మామిడి ముక్క

భద్రాచలం అవతల అడవిలో కోయపల్లె మాది. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లకు ఇనుప చువ్వలు కట్టే పనికి వచ్చి కొన్నేళ్లయింది. మొన్న ఎండాకాలం నన్ను మేస్త్రీని చేశారు. కూలి పెరిగింది గానీ, స్లాబు పోసేదాకా సెలవు అడగొద్దన్నారు.

ఆ ఎండల్లోనే ఒక మధ్యాహ్నం ఇంజనీరు సారు మామిడికాయలు తెప్పించి, ఉప్పూకారం చల్లి, మొదటి ముక్క నాకే ఇచ్చారు. నా చెయ్యి ఆగిపోయింది. ఊళ్లో కొత్తల పండుగ చేసి దేవతకు పెట్టందే మేం కొత్త కాయ నోట పెట్టం.

“ఏంది మేస్త్రీ, నేనిస్తే తినవా?” అన్నారు సారు, మొహం మాడ్చుకుని. పనివాళ్లంతా నన్నే చూస్తున్నారు. సిగ్గుతో పక్కకు పోయి అమ్మకు ఫోన్ చేశాను.

“అమ్మా, పండుగ ఎప్పుడు చేస్తున్నరే?”

“పోయిన వారమే అయిపోయింది బిడ్డా. నువ్వెట్లాగూ రావు గదా అని చెప్పలె.”

ఊరంతా తినేసింది. నేనొక్కణ్ణే ఇక్కడ నోరు కట్టుకుని కూర్చున్నాను.

తిరిగొచ్చి ముక్క నోట్లో పెట్టుకున్నాను. మా ఊరి పిల్లలు ఇప్పటికీ ఫోన్ చేసి, మేస్త్రీకి కూలెంత అని అడుగుతుంటారు. అది చెబుతాను. ఆ ముక్క గొంతు దిగడానికి ఎంతసేపు పట్టిందో మాత్రం ఎవరికీ చెప్పలేదు.