వేటపిల్లకు పెళ్లి చేసినవాళ్ళం

మొన్న రాయదుర్గం మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర ఇద్దరు ఆడపిల్లలు పోట్లాడుకుంటున్నారు. మెడల్లో ఆఫీసు కార్డులు, చేతుల్లో ఫోన్లు. ఏదో ఇంటి గొడవ అనుకుని చెవి ఒగ్గాను. తీరా వింటే, మాయలూ మంత్రాలూ ఉన్న ఏదో పెద్ద కథలో నాయకుడు ఎవర్ని చేసుకోవాలన్న తగువు. ఒకమ్మాయి "రాసినోడికేం తెలుసే" అంది. నాకు నవ్వాగలేదు. రాసినవాడితో ఆ తగువు మేము యాభై ఏళ్ళ కిందటే పడ్డాం, ఆ స్టేషనుకు కూతవేటు దూరంలోనే. ఈ పిల్లలు ఫోన్లలో పోట్లాడి ఊరుకుంటారు. మేము ఊరుకోలేదు. ఇది గొప్పకే చెబుతున్నాను. గొప్ప చెప్పుకోదగ్గ పనులు నా జీవితంలో మరీ ఎక్కువ లేవు కాబట్టి ఉన్నదాన్ని దాచుకోను.

డెబ్బైల మొదట్లో మా ఆయనకు ఇక్కడి పశువుల దవాఖానలో కాంపౌండరు ఉద్యోగం వచ్చింది. తెనాలి వైపు పచ్చటి పొలాలు చూసి పెరిగినదాన్ని, ఇక్కడికి వచ్చి పడ్డాను. ఎటు చూసినా బండరాళ్ళ గుట్టలు, రాళ్ళ సందుల్లో సీతాఫలం చెట్లు. బస్సు తప్పితే మెహదీపట్నం నుంచి నడకే. పైగా మా ప్రాంతం వాళ్ళొచ్చి ఉద్యోగాలు పట్టుకుపోతున్నారని గొడవలు జరిగి ఎంతో కాలం కాలేదు. నేను నోరు తెరిచి "అండీ" అంటే చాలు, బావి దగ్గర మాటలు ఆగిపోయేవి. అయినా మర్యాదకు లోటు చేయలేదు. మా ఆయన కాంపౌండరే అయినా నన్ను డాక్టరమ్మా అనే పిలిచేవాళ్ళు. ఆ పిలుపు విన్నప్పుడల్లా ఆయన ఇబ్బందిగా మీసం సవరించుకునేవారు, నేను మాత్రం పలికేదాన్ని.

ప్రతి గురువారం ఆయన మందుల కోసం పట్నం వెళ్ళి వస్తూ నాకో వారపత్రిక తెచ్చేవారు. మా ఊళ్ళో నాయనమ్మకు చదివి వినిపించిన అలవాటు వల్ల నేను పైకే చదువుతాను. ఒకనాడు మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని చదువుకుంటూ నవ్వుతున్నాను. ఎదురింటి పెద్దమ్మ తన వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. సీతాఫలాల బేరం చేసే మనిషి, బతుకమ్మ పాట ఎత్తుకోవడంలో వాడకు పెద్ద, ఆమె నోటికి ఊరంతా భయం.

"ఏందమ్మా డాక్టరమ్మా, నీలో నువ్వే నవ్వుతున్నవు. జర మాకు గూడ జెప్పు, మేమూ నవ్వుతం" అంది.

అలా మొదలైంది. ఆ వారం పెద్దమ్మ ఒక్కతే, తరువాతి వారం నలుగురు, పోనుపోను అరుగు చాలక గోనెసంచులు పరుచుకుని కింద కూర్చునేవాళ్ళు. చేతుల్లో ఏదో ఒక పని ఉండేది, చెవులు మాత్రం నా వైపే. "పరిణయమాడుట" లాంటి మాట వస్తే, "గదేందో మన మాటల్ల జెప్పు" అని ఆపేవాళ్ళు. బావి దగ్గర నా కోసం జరిగి చోటివ్వడం అప్పుడే మొదలైంది.

పత్రికలో వారం వారం వచ్చే సీరియల్ కథ ఇదీ. ఒక మాంత్రికుడు రాజకుమారిని మాయనిద్రలో ముంచి, ఏడు అడవుల అవతల కోటలో దాచాడు. యువరాజు ఆమెను విడిపించడానికి బయలుదేరాడు. మొదటి అడవిలో అతనికి ఒక వేటపిల్ల తారసపడి, దారి చూపిస్తానని వెంట నడిచింది. పులి నుంచి అతన్ని కాపాడింది, విషం తాగిన రాత్రి పసరు పోసి బతికించింది. రాజకుమారి నిద్రపోతూనే ఉంది. ఏడాది దాటినా నిద్రపోతూనే ఉంది.

నేను మొదట రాజకుమారి పక్షం. మా వైపు కథల్లో రాజకుమారుడికి రాజకుమారే, అందులో అడగడానికి ఏముంది అనుకునేదాన్ని. పెద్దమ్మ నా పక్షాన్ని ఒక్క పూటలో కూల్చేసింది.

"పండుకున్నదాన్ని లేపి పెండ్లి జేసుకుంటడా? లేచినంక గీయన ఎవరో ఆమెకెరుకనా? గా వేటపిల్ల లేకుంటె గీ పోరడు మొదటి అడవిలనే పులి నోట్ల పడుతుండె. ఎవరు తోడు నడిచిన్రో గామెనే జేసుకోవాలె."

అరుగంతా "అవ్, నిజమే" అంది. నేనూ అన్నాను. ఆ రోజు నుంచి మాకు రాజకుమారి అంటే గిట్టదు. పాపం ఆమె చేసిన తప్పేమీ లేదు, నిద్రపోవడం తప్ప.

మా పెద్దమ్మ అంతటితో ఆగే మనిషా? పత్రికకు కార్డు రాయమంది. "వేటపిల్లకు అన్యాయం జేస్తె ఊరుకోమని రాయి" అంది. నేను "సవినయంగా మనవి" అని మొదలుపెట్టి, ఆమె మాటనే కాస్త మెత్తగా రాశాను. కొన్ని వారాలకు అది అచ్చయింది, కింద "రాయదుర్గం మహిళలు" అని. సంపాదకుడు, మీ అభిమానాన్ని రచయితకు తెలియజేస్తామని ఒక ముక్క కూడా చేర్చాడు. మా ఊరు ఎక్కడుందో పట్నంలోనే చాలామందికి తెలియని రోజులవి. పెద్దమ్మ చేతులు కడుక్కుని వచ్చి, "మన ఊరి పేరు ఏడున్నది?" అని వేలు పెట్టించుకుని చూసింది. ఆ పత్రికను వాడలో ఇల్లిల్లూ తిప్పారు. నాకు తిరిగి వచ్చేసరికి దాని నిండా పసుపు మరకలు. ఆ మరకలు చూసి నేను పొంగిపోయాను, ఇప్పుడు తలుచుకున్నా పొంగుతాను.

ఆ గుంపులో వెనక కూర్చునే పిల్ల ఒకతె ఉండేది. తండ్రి లేడు, తల్లి లేదు, అమ్మమ్మ పెంచింది. పెద్దమ్మ దగ్గరే సీతాఫలాల పని. కిందటి ఏడు పండ్ల కాలంలో పెద్దమ్మ కొడుకు గుట్ట మీద కాలు జారి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. అప్పుడు అతన్ని భుజాన వేసుకుని బండి దాకా తెచ్చింది ఈ పిల్లే. అతను పట్నం దవాఖానలో ఉన్నన్నాళ్ళూ, మంచాన పడి ఉన్నన్నాళ్ళూ తెల్లారకుండానే గుట్టెక్కి కాయలు కోసింది, గంప నెత్తిన పెట్టుకుని బస్సెక్కి మొజంజాహీ మార్కెట్‌కు పోయి అమ్ముకొచ్చింది. ఆ ఏడు ఆ ఇంట్లో పొయ్యి వెలిగిందంటే ఆ పిల్ల వల్లే. ఇది నేను అంటున్న మాట కాదు, పెద్దమ్మే పదిమందితో అనేది.

కొడుకు లేచి నడిచాక తల్లితో ఆ పిల్లనే చేసుకుంటానన్నాడు. పెద్దమ్మ ఒప్పుకోలేదు. "నువ్వు పుట్టిననాడే నీ మేనమామకు మాటిచ్చిన. ఇగ గా ముచ్చట తియ్యకు" అంది. మేనమామ చేవెళ్ళ అవతల ఉంటాడు. దసరా వెళ్ళగానే వచ్చి మాట ఖాయం చేసుకుంటానని కబురు పంపాడు. ఆ మేనమామ కూతురికి ఇతని ముఖం కూడా సరిగా తెలియదు.

ఇదంతా నాకు చెప్పింది ఆ పిల్ల అమ్మమ్మ, బర్రె మందు కోసం వచ్చి. "పిల్ల అన్నం దింటలేదమ్మా. జర పెద్దమ్మకు నువ్వు జెప్పరాదు, నీ మాటింటది" అంది. నా మాట ఎలా వింటుంది, నేను పరాయిదాన్ని కదా అన్నాను. మరీ అంత పరాయిదాన్ని కాదని నాకూ తెలుసు. కానీ ఒక ఇంటి పెళ్లి విషయంలో వేలు పెడితే బావి దగ్గర చోటు పోతుందని భయం. ఆమె మందు సీసా కొంగున కట్టుకుని వెళ్ళిపోయింది. ఆ రాత్రి నాకూ అన్నం సయించలేదు.

నన్ను మండించింది మాత్రం ఒకటే. గురువారం గురువారం మా అరుగు మీద కూర్చుని వేటపిల్ల కోసం కత్తులు దూసే పెద్దమ్మకు, తన వెనకే కూర్చున్న వేటపిల్ల కనిపించలేదు. మా అందరికీ కనిపించింది. ఆమెకు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

బతుకమ్మ పండుగ మొదలయ్యే వారం కథ ముగిసింది. వేటపిల్ల అసలు మనిషే కాదట, శాపం తగిలిన గంధర్వకన్యట. రాజకుమారి నిద్ర లేవగానే ఈమెకు శాపవిమోచనం కలిగి స్వర్గానికి వెళ్ళిపోయింది. యువరాజు రెండు కన్నీటి బొట్లు రాల్చి, పక్క పేరాలో పెళ్లి చేసుకున్నాడు. చదువుతుంటే నా గొంతే నాకు అసహ్యంగా వినిపించింది. వెనక నుంచి ఆ పిల్ల లేచి, పని ఉందని వెళ్ళిపోయింది.

"పనంత జేయించుకొని సర్గానికి తోలిండా? గిదేం న్యాయం" అంది పెద్దమ్మ. రచయితను, ఆయన్ను కన్నవాళ్ళను, యువరాజును వరసగా దులిపింది. చివరికి, "ఆయన రాస్తె రాసుకోనీ. మనం ఒప్పుకోం. సద్దుల నాడు పాటల మనమే పెండ్లి జేద్దం" అంది.

పండుగ చివరి రోజు సద్దుల బతుకమ్మ నాటికి గుట్టల మీది తంగేడు, గునుగు పూలన్నీ మా వాడ వాకిళ్ళకు దిగాయి. బతుకమ్మలు మధ్యలో పెట్టి, చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టాం. అక్కడ ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు "ఉయ్యాలో" అని అందుకుంటారు. వలయంలో ఎవరైనా పాటలోనే ప్రశ్న వేయవచ్చు. ఎత్తుకున్నామె పాటలోనే జవాబివ్వాలి. మా వాడలో మరో పట్టింపు కూడా ఉండేది. బతుకమ్మ ముందు పాడిన మాట ఇంటికి పోయి మార్చుకోకూడదు.

పెద్దమ్మ ఎత్తుకుంది.

"ఏడు అడవులు దాటె ఉయ్యాలో
ఎవరు తోడుండిరి ఉయ్యాలో
వేటపిల్ల నడిచింది ఉయ్యాలో
విల్లు పట్టి నడిచింది ఉయ్యాలో"

ఎంత బాగా పాడిందో. పులిని చంపించింది, పసరు పోయించింది, యువరాజును క్షేమంగా ఇంటికి చేర్చింది. నాకు ఎదురుగా ఆ పిల్ల తల వంచుకుని తిరుగుతోంది. ఇంకో రెండు చరణాల్లో పెళ్లి అయిపోతుంది, పాటలో. పాట అయిపోయాక దసరా వస్తుంది, మేనమామ వస్తాడు. నాలో ఏదో తెగింది. బావి దగ్గర చోటు పోతే పోయిందనుకున్నాను. అంతవరకు ఉయ్యాలో తప్ప మరో మాట పాడనిదాన్ని, నేనే ఎత్తుకున్నాను.

"రాజు తల్లి ఉన్నది ఉయ్యాలో
రాణెమ్మ ఏమనెను ఉయ్యాలో"

అందరూ అందుకున్నారు. అందుకున్నాక అర్థమై ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఎవరూ చప్పట్లు ఆపలేదు. పెద్దమ్మ నా వైపు ఒక్క చూపు చూసింది, ఆ చూపు నేను బతికున్నంతకాలం మరిచిపోను. ఆమె నోటి నుంచి పాట రాలేదు. వలయం మాట లేకుండా తిరిగింది, మళ్ళీ తిరిగింది, ఉత్త చప్పట్లు. ఆ పిల్ల అమ్మమ్మ కళ్ళు మూసుకుని తిరుగుతోంది. చేయకూడని పని చేశానా అనిపించింది.

అప్పుడు పెద్దమ్మ పాడింది. ఎప్పటిలా గట్టిగా కాదు.

"తోడు నడిచిన పిల్ల ఉయ్యాలో
తోసి పంపుదునా ఉయ్యాలో
నా కొడుకు తోడమ్మ ఉయ్యాలో
నా ఇంటి కోడలు ఉయ్యాలో"

రాణి కొడుకు అనలేదు. నా కొడుకు అంది. ఆ పిల్ల చప్పట్లు మానేసి నిలబడిపోయింది. వెనకున్నామె, "నడువు పోరీ, గుంపంత ఆగింది" అని భుజం తట్టింది. మేమందరం ఉయ్యాలో అన్నాం. నేను ఏడుస్తూ అన్నాను.

చెరువులో బతుకమ్మలను వదిలి తిరిగి వస్తుంటే పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"ఎరుకుండే అడిగినవా?"

"తెలిసే అడిగానండీ."

ఆమె నా చెయ్యి వదలకుండానే నడిచింది. "రాసినాయన్ని ఊరందరి ముంగట తిట్టిన. నేనూ గదే జేస్తె ఇగ నన్నెవరు తిట్టాలె" అంది. తరువాత, "గొంతు మంచిగున్నది గని తాళం తప్పుతున్నవు" అని నా చెయ్యి వదిలేసింది.

మర్నాడే ఆమె చేవెళ్ళ బస్సెక్కింది. కబురు పంపకుండా తనే వెళ్ళి తమ్ముడి ముఖాన చెప్పి వచ్చింది. ఆయన చాలా కాలం అక్క గుమ్మం తొక్కలేదు, ఆమె ఆ బాధను ఎవరికీ చెప్పుకోలేదు. తన మాట తనమీదికే వస్తే తలవంచి మోసిన మనుషులను నేను పెద్ద చదువుల వాళ్ళలో కూడా ఎక్కువమందిని చూడలేదు. ఆమె ఎదురింట్లో ఉన్నానని చెప్పుకోవడం నాకు గర్వం.

మాఘంలో పెళ్లి. పందిరి పెద్దమ్మ వాకిట్లో మొదలై మా అరుగు దాకా వచ్చింది. అప్పగింతలయ్యాక పెద్దమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చింది, ముఖమంతా పసుపు, కుంకుమ.

"డాక్టరమ్మా, కార్డు రాయి."

"ఎవరికండీ?"

"గా కథ రాసినాయనకు. పాపం ఆయనకు తెల్వది గద."

మర్నాడు రాసి పోస్టు చేశాను. ఈసారి సవినయంగా మనవులేమీ పెట్టలేదు. "అయ్యా, మీ వేటపిల్ల స్వర్గానికి వెళ్ళలేదు. నిన్న మా ఎదురింట్లోకి కాపురానికి వచ్చింది. రాయదుర్గం మహిళలు." అంతే రాశాను. ఆ కార్డు మాత్రం వాళ్ళు అచ్చు వేయలేదు.