మా మామ కుడిచెయ్యి నేనెలా పోగొట్టాను

అరచేతిలో వైకుంఠం చూపించినవాళ్ల గురించి మీరు వినే ఉంటారు. అరచేతినే మాయం చేసిన ఘనుణ్ని మాత్రం చూసి ఉండరు. చూడండి, నేనే. బేతంచెర్లలో, పట్టపగలు, పదిమంది చూస్తుండగా, చుక్క రక్తం రాలకుండా మా మేనమామ ఓబులేసు కుడిచెయ్యి ఊడగొట్టాను. ఆ చెయ్యి అప్పుడూ ఆయన భుజానికే ఉంది, ఇప్పుడూ ఉంది. అయినా ఊడగొట్టాననే చెప్పాలి. ఇందులో కిటుకేమీ లేదు, ఉన్నదల్లా నా తెలివితక్కువతనమే.

అప్పుడు నేను కర్నూలులో ఫిజియోథెరపీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. నరాల పాఠం మొదలై సరిగ్గా వారమైంది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్తగా నరాలు చదివినవాడు మనిషినే ఎరగడు. ఊరికి వస్తుంటే బస్సులో పక్కాయన మెడ మీద దోమను కొట్టుకున్నాడు. నేనూరుకోవచ్చు కదా! "చూశారా అన్నా, దోమ కుట్టిన కబురు మీ చర్మం మెదడుకు పంపించింది, మెదడు చేతికి చెప్పింది, ఇదంతా రెప్పపాటులో..." అని మొదలుపెట్టాను. ఆయన మర్యాదగా లేచి, బేతంచెర్ల దాకా నిలబడే వచ్చాడు.

ఆ వారం మా సారు చెప్పిన పాఠం ఇది. మెదడు పుర్రెలో చీకట్లో కూర్చొని ఉంటుంది. అది స్వయంగా దేన్నీ చూడదు, దేన్నీ తాకదు. గడప దాటని ముసలమ్మ వచ్చిపోయేవాళ్ల కబుర్లతో ఊరి సంగతులన్నీ తేల్చేసినట్టు, కళ్లూ చెవులూ చర్మమూ మోసుకొచ్చిన కబుర్లతో లోకం ఇలా ఉందని తేల్చేస్తుంది. ఇద్దరు వచ్చి ఒకే మాట చెబితే చాలు, అబద్ధమైనా నమ్ముతుంది. అసలు చేతిని కనపడకుండా దాచి, ఎదురుగా రబ్బరు చెయ్యి పెట్టి, రెండింటినీ ఒకేసారి కుంచెతో నిమిరితే, కాసేపటికి ఆ రబ్బరు చెయ్యే తనదని మెదడు అనుకుంటుందట. ఈ ముక్క విన్నప్పటి నుంచి నాకు ఎవరిదైనా చెయ్యి కావలసి వచ్చింది.

లోకంలో ఇన్ని కోట్ల చేతులుండగా నేను ఎంచుకున్నది ఎవరి చెయ్యో చూడండి. మా మామకు రెండు మిషన్లున్న చిన్న బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. మిషన్ మీంచి దిగిన నాపబండ మీద నీళ్లు చల్లి, కళ్లు మూసుకొని, కుడి అరచేత్తో ఆ కొస నుంచి ఈ కొసకు ఒక్కసారి నిమిరేవాడు. కంటికి కనపడని గుంతా, వెంట్రుకంత చీలికా ఆ చేతికి తెలిసిపోయేవి. చాక్‌పీసుతో ఒకటి వేస్తే మొదటి రకం, రెండు వేస్తే రెండో రకం. ఆయన అంకె వేయని బండ ఫ్యాక్టరీ గేటు దాటేది కాదు. అందుకే ఆ చేతిని చంటిపిల్లలా సాకేవాడు. వేడి టీ గ్లాసు ఎడంచేత్తో పట్టేవాడు, నీళ్ల బకెట్ ఎడంచేత్తో మోసేవాడు. ఎవరైనా కరచాలనానికి వస్తే గభాలున దణ్ణం పెట్టేసేవాడు.

నేను దిగిన ఆదివారం ఫ్యాక్టరీలో పండగ వాతావరణం. వేంపల్లెలో కొత్తగా కట్టిన కల్యాణ మండపానికి బండలన్నీ మామే ఇవ్వాలి. ఆయన జీవితంలో అదే పెద్ద ఆర్డరు. అయితే వాళ్లు ఒక్క షరతు పెట్టారు: సోమవారం పొద్దుగూకేలోపు లారీ కదలాలి, లేకపోతే వేరే ఫ్యాక్టరీ చూసుకుంటారు. పాలిషంతా అయిపోయింది, లారీ కూడా వచ్చి నిలబడింది. సోమవారం పొద్దున మామ చేత్తో నిమిరి అంకెలు వేయడమొక్కటే మిగిలింది.

"మామా, నీ మెదడుతో ఒక ఆట ఆడుకుందామా?" అన్నాను.

"ఆడుకోప్పా సీనా, నేనేమన్నా దాన్ని వాడుకుంటాండానా!" అన్నాడు మామ, నవ్వుతూ.

మిషన్ దగ్గర తొడుక్కునే నారింజరంగు రబ్బరు గ్లౌజు ఒకటి తీసుకొని, వేళ్ల కొసల దాకా శనక్కాయల పొట్టు కూరాను. బల్ల మీద మామ కుడిచేతికి అట్టపెట్టె అడ్డం పెట్టి, పైన తడి తువ్వాలు కప్పాను. ఆయన ముందు గ్లౌజు పెట్టాను. మా లచ్చిందేవత్త దాచుకున్న కొత్త టూత్‌బ్రష్‌లు రెండు తెచ్చి, ఒకదానితో తువ్వాలు కింద అసలు చేతినీ, ఇంకోదానితో గ్లౌజునూ, ఒకే వేలు, ఒకే తీరు, నిమరడం మొదలుపెట్టాను. పనివాళ్లంతా చుట్టూ మూగారు. లారీ డ్రైవరు మస్తాను తింటున్న బొరుగులు ఆపేసి మరీ చూశాడు.

రెండు నిమిషాలు గడిచాక మామ ముఖం మారింది. "ఏందప్పా ఇది! నువ్వు గ్లౌజును గీకితే నాకు కితకితలు అయితాండాది!"

ఆ మాట కోసమే కాచుకొని ఉన్న నేను, బల్ల కింద దాచిన సుత్తి తీసి గ్లౌజు మీద ఠపీమని వేశాను.

"సచ్చినాన్రో నాయనా!" అని మామ కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. ఫ్యాక్టరీ మొత్తం పగలబడి నవ్వింది. మస్తాను చప్పట్లు కొట్టాడు. అంతటితో ఆపి ఉంటే నేను ఈ రోజు పెద్దమనిషిగా చలామణీ అయ్యేవాణ్ని. కానీ చప్పట్లు విన్నాక నోరు ఊరుకుంటుందా?

"దెబ్బ దానికి పడితే నువ్వెందుకు అరిసినావు మామా? నీ మెదడు నీ చేతిని వదిలేసి దాన్ని పట్టుకున్యాది. ఇప్పుడు ఈ చెయ్యి నీది కాదనుకుంటాండాది. కావాలంటే తాకి సూడు, సల్లబడి ఉంటాది."

మామ తాకి చూశాడు. అంతసేపు తడి తువ్వాలు కింద ఉన్న చెయ్యి చల్లబడక ఏమవుతుంది? కానీ ఆ సంగతి ఆయనకూ తోచలేదు, నా నోటి నుంచీ రాలేదు. మా ఇంట్లో చదువుకున్నవాడు చెప్పిందే వేదం. మామ చేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"మళ్లీ ఎప్పుడొస్తాదప్పా?" అన్నాడు, మెల్లగా.

"అది మెదడు ఇష్టం మామా," అన్నాను, పెద్ద డాక్టరులాగా.

సోమవారం పొద్దున మామ మొదటి బండ మీద నీళ్లు చల్లి, కళ్లు మూసుకొని నిమిరాడు. మళ్లీ నిమిరాడు. చాలాసేపటికి ఒకటి అంకె వేశాడు. ఇద్దరు పనివాళ్లు ఎత్తబోతే ఆ బండ నడిమికి రెండు ముక్కలైంది. ఫ్యాక్టరీలో మిషన్లు ఆగిపోయాయి. మామ చాక్‌పీసు కింద పెట్టేశాడు.

"నాకేం తెలుస్తలేదు. ఇది నా చెయ్యి కాదు."

"మామా, నేను ఊరికే అన్యా! అది నీ చెయ్యే!"

"నిన్న కాదంటివి, ఈరోజు అవునంటావు. చదువుకున్నోనివి, ఒక మాట మీద ఉండద్దా?"

చేతులు కాలాక ఆకులు పట్టుకొని లాభం లేదంటారు. చెయ్యే పోయినవాడికి ఏ ఆకు ఇవ్వను చెప్పండి? ఆయన మనసులో పడ్డ అనుమానమే వేళ్లను మొద్దుబారుస్తోందని నాకు తెలుసు, చెప్పినా నమ్మేవాళ్లే లేరు.

మధ్యాహ్నం లచ్చిందేవత్త వేడివేడి సంగటి, రోట్లో నూరిన చెనిక్కాయల పచ్చడి, అదే ఊర్బిండి, తెచ్చి పెట్టింది. మామ కంచం వైపే చూస్తూ కూర్చున్నాడు.

"తినవేమి?" అంది అత్త.

"ఎవరి చెయ్యో ఏమో. పరాయి చేత్తో యాడ తినేది?"

అత్త నన్ను ఒక చూపు చూసింది. ఆ చూపును మెదడుకు చేరవేయడానికి నా కళ్లు కూడా జంకాయి. చివరికి ఆమే ముద్దలు చేసి, పనివాళ్లందరి ముందూ, యాభై ఏళ్ల మొగుడికి తినిపించింది.

అప్పుడు మస్తానుకు ఒక ఆలోచన వచ్చింది. ఆ రోజు అందరికీ ఆలోచనలే, అదే మా ఖర్మ. "ఓబులేసన్నా, నీ చెయ్యి ఆ గ్లౌజులోకి పోయిందంటాండారు గదా. ఆ గ్లౌజుతోనే సూస్తే పోలా?"

నేను నవ్వాను. ఇంకెవరూ నవ్వలేదు. గ్లౌజును పళ్లెంలో పెట్టి తెచ్చారు. మామ దాన్ని ఎడంచేత్తో పట్టుకొని బండ మీద జరిపాడు. కళ్లు మూసుకొని, "ఈడ చిన్న గుంత ఉండాది," అన్నాడు. చూస్తే ఉంది! ఆ గుంతలో నీళ్లు నిలిచి, కళ్లు మూసుకోకముందే అందరికీ కనపడుతూనే ఉందని నేనంటే, "నువ్వు నోరు మూసుకో సీనా," అని పదిమందీ ఒక్క గొంతుతో అన్నారు.

ఇక చూసుకోండి సంబరం. గ్లౌజు నిమిరింది, మామ అంకె వేశాడు, గ్లౌజు నిమిరింది, మామ అంకె వేశాడు. నాలుగు బండలయ్యాక చేతికి అలుపొచ్చిందని దాన్ని నీడలో పడుకోబెట్టారు. చెయ్యి విశ్రాంతి తీసుకుంటోందని మామ కుర్చీలో వాలి టీ అడిగాడు. మెదడును మోసగించడం ఎలాగో చదువుకున్న నేను, పదిమంది మెదళ్లు వాటంతటవే మోసపోతుంటే తల పట్టుకొని కూర్చున్నాను.

సరిగ్గా అప్పుడే అత్త పెంచుకుంటున్న మేక పొట్టు వాసన పట్టి నీడలోకి వెళ్లింది. చిటికెనవేలు నోట కరుచుకొని గుంజింది.

"కొరికినాదే! కొరికినాదే!" అని మామ కుర్చీలో గిలగిలలాడిపోయాడు.

మేక గ్లౌజుతో పరుగు. దాని వెనక మస్తాను, మస్తాను వెనక పనివాళ్లు, అందరి వెనకా, "మెల్లగా గుంజండప్పా, నొప్పి లేస్తాండాది!" అని మామ కేకలు. రాళ్లపొడి బురదలో ముగ్గురు జారిపడ్డారు. చివరికి మేక నోట్లోంచి చెయ్యి విడిపించేసరికి చిటికెనవేలు లేదు. అత్త పసుపు తెచ్చి గ్లౌజు గాయానికి అద్దింది. ఇక్కడ మామ "హమ్మయ్య, మంట తగ్గింది," అన్నాడు.

మస్తాను పొద్దు వైపు చూశాడు. "అన్నా, ఇంగ గంట కూడా లేదు. లోడు లేకుండా పోతే వేంపల్లెలో నన్ను నిలబెట్టి కడుగుతారు."

మామ కళ్లలో నీళ్లు తిరిగాయి. "చెప్పేయప్పా వాళ్లకి. ఓబులేసు చెయ్యి పోయినాదని చెప్పేయ్."

ఆ మాట నేను తట్టుకోలేకపోయాను. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే నుదుటి మీద పెట్టిన చెయ్యి అది. నా ఆవేశం కట్టలు తెంచుకుంది. అత్త చేతిలోని గ్లౌజు లాక్కొని, "మామా! ఇది చెయ్యి కాదు! పొట్టు! ఉత్త శనక్కాయల పొట్టు!" అని తలకిందులుగా పట్టి విదిలించాను. పొట్టంతా కుప్పగా నేలమీద రాలింది.

ఎవరి చేతినైనా వాళ్ల కళ్ల ముందే అలా దులిపేస్తే ఊరుకుంటారా? కన్ను మూసి తెరిచేలోపు నా ఎడమ చెంప పేలిపోయింది. క్వారీలో మందుగుండు పేల్చారనుకొని రోడ్డు మీద ఇద్దరు ఆగి చూశారట.

మామ ఇంకా గాల్లోనే ఉన్న తన కుడి అరచేతిని చూసుకున్నాడు. ఎర్రగా కందిపోయి ఉంది.

"లచ్చిందేవీ," అన్నాడు. "మంట పుడతాండాది. వేళ్లన్నిట్లో జుమ్మంటాండాది. వచ్చేసినాదే! నా చెయ్యి నాకు వచ్చేసినాదే!"

నేను చెంప పట్టుకొని కూడా పాఠం మానలేదు. సిగ్గులేని పుట్టుక. "సూసినావా మామా, దెబ్బ నీ కన్ను సూసింది, సప్పుడు నీ చెవి వినింది, మంట నీ చర్మం చెప్పింది. ముగ్గురూ ఒకే మాట చెప్పేసరికి మెదడు నమ్మేసింది. ఇంగ అనుమానం లేదు, పోయి అంకెలెయ్యి!"

మామ బండల వైపు రెండడుగులు వేసి ఆగాడు. వెనక్కి తిరిగి నన్ను శ్రద్ధగా చూశాడు.

"అదెట్లప్పా? ఒక్క బండ సూసి లోడంతా మంచిదని చెప్పేది మా ఇంటా వంటా లేదు," అని, అదే చేత్తో నా కుడి చెంప కూడా చూశాడు.

పొద్దుగూకకముందే లారీ కదిలింది. బండలన్నిటి మీదా అంకెలు తప్పు లేకుండా పడ్డాయి. రెండు అంకె పడ్డవన్నీ ఎత్తి పక్కన పెట్టే పని నాకు పడింది, రెండు చెంపలూ బూరెల్లా పొంగి ఉండగానే.

ఇప్పుడు నేనూ ఫిజియోథెరపీ డాక్టరునే, రోజూ నరాలతోనే నా బతుకు. కాబట్టి నా రెండు చెంపల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఎదుటివాడి మెదడు ఎంత అమాయకమైనదైనా, నేను దానితో ఆటలాడను. మనిషి మెదడు ఎలా పనిచేస్తుందో ఎవరైనా బతిమాలి అడిగితే చెబుతాను గానీ, ఆయన రెండు చేతులూ ఆయనవేనని ముందే కాగితం మీద రాయించుకొని, గోడకు అవతలి వైపు నిలబడి మాత్రమే చెబుతాను.