ముఖం గీశాకే ఆట

పోయిన వారం ఎరువు కోసం భువనగిరి వెళ్తే, దుకాణానికి బోర్డు రాస్తున్న పెయింటరు చెప్పాడు, సికింద్రాబాద్‌లో ఉస్తాద్ పోయారని. అప్పటికే మట్టి చేసి నాలుగు రోజులైందట. ఎరువు బండికెత్తించి ఇంటికొచ్చాను. ఆ పూట పొలానికి పోలేదు.

మీలో లష్కర్‌లో, అదే సికింద్రాబాద్‌లో, పాత సినిమా హాళ్లు చూసినవాళ్లుంటే ఆయన రాసిన బోర్డులు చూసే ఉంటారు. పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఏడు నేను ఆయన దగ్గర చేరాను. చేరడం అంటే, పోలీసులు తెచ్చి అప్పగించారు. అంతకుముందు గడబిడల్లో నిజాం మనుషులు మా ఊరి మీద పడి మా ఇల్లు కాల్చేశారు. నాన్న అందులోనే పోయాడు. నేను పట్నం వచ్చి, రైల్వే యార్డులో బొగ్గు దొంగిలిస్తూ దొరికాను. ఠాణా ఎస్సైని అప్పట్లో అమీన్ అనేవాళ్లు. ఉస్తాద్ ఆయన దగ్గర నాకు జమానత్, అంటే పూచీ, నిలబడ్డారు. అమీన్ పెట్టిన షరతు ఒకటే. ఎవరి మీదైనా చెయ్యెత్తితే నేరుగా జైలు.

నాలాంటివాళ్లం తొమ్మిది మందిమి. పొద్దున బోర్డులకు రంగు, సాయంత్రం షెడ్డు వెనక ఫుట్‌బాల్. ఎవరికీ బూట్లు లేవు. ఉస్తాద్ లుంగీ ఎగ్గట్టి గోలు ముందు నిలబడేవారు. గోలు పడితే, "గాలికి పోయిందిరా" అనేవారు. అన్నానికి కూర్చునే ముందు మా చేతులు వాసన చూసేవారు, రంగు కడుక్కున్న కిరసనాయిలు వదిలిందా లేదా అని. బుద్ధులు చెప్పే మనిషి కాదు. పక్కన కూర్చోబెట్టుకుని బోర్డుకు అస్తరు, అంటే మొదటి పూత, కొట్టేవారు. మేం ఏమైనా చెబితే వినేవారు. చెప్పకపోతే మా చేతికీ ఒక కుంచె ఇచ్చేవారు.

ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఎవరైనా కొట్టుకుంటే, కొట్టినవాడు దెబ్బ తిన్నవాడి ముఖం గీయాలి. అది పూర్తయ్యేదాకా వాడికి ఆట లేదు. "కొట్టేటప్పుడు సూడలే కద, ఇప్పుడు సూడు" అనేవారు. నా వంతు వచ్చి పోయాక నేను ఎవరి మీదా చెయ్యెత్తలేదని చెప్పను. ఎత్తే ముందు ఒకసారి చూసేవాణ్ణి.

మాలో ఒకడి తండ్రి నిజాం ఫౌజులో సిపాయి. ఫౌజు రద్దయ్యాక వాళ్లింట్లో తిండికి కష్టమైంది. వాడు ఎప్పుడూ తలకు రుమాలు కట్టుకుని ఉండేవాడు. సిపాయి కొడుకనేసరికి నాకు మా ఇల్లు కాలిన రోజు గుర్తొచ్చేది. ఆ రోజు మా ఊరికి వచ్చింది వాడి తండ్రి కాదని నాకు తెలుసు. తెలిసి లాభం లేకపోయింది.

ఒక సాయంత్రం ఆటలో వాడు, "ఏందిరా పల్లెటూరోడా, బంతిని గొర్రె లెక్క తోలుతున్నవ్" అన్నాడు. అందరూ నవ్వారు. నేను రాయి తీసి కొట్టాను. వాడి కనుబొమ పగిలింది.

ఉస్తాద్ గాయం కడిగి పట్టీ వేశారు. తెల్లరంగు కొట్టిన చెక్కపలక నా ముందు పెట్టి, బొగ్గు ముక్క చేతికిచ్చారు.

"బొగ్గు దొంగవే కద. దీంతోనే గియ్."

వాడి వైపు తిరిగి, "రుమాల్ తియ్ బేటా" అన్నారు.

వాడు తియ్యనన్నాడు.

"జెర సేపే."

తీశాడు. ఎడమ చెవి కాలి ముడుచుకుపోయి ఉంది.

ముక్కు, కళ్లు, పట్టీ అన్నీ గీశాను. ఎడమ చెవి దగ్గరికొచ్చేసరికి మామూలు చెవి పెట్టాను. ఉస్తాద్ నా భుజం మీదుగా చూశారు.

"గా చెవి ఎవరిది? ఉన్నది గియ్."

"ఉండనియ్ ఉస్తాద్, మంచిగనే పెట్టిండు" అన్నాడు వాడు.

ఉస్తాద్ ఆ చెవిని గుడ్డతో తుడిచేశారు.

"ఎట్ల కాలింది?" అని వాణ్ణి అడిగాను.

"మీ ఇల్లు ఎట్ల కాలిందో గట్లనే. పోలీస్ యాక్షన్ అయిన మర్నాడు మాది."

అప్పుడే అమీన్ సైకిల్ దిగాడు. వారానికోసారి వచ్చి మమ్మల్ని చూసిపోయేవాడు. పట్టీ చూసి, "ఎవడు కొట్టిండు?" అన్నాడు.

"బంతి తగిలింది సాబ్" అన్నాడు వాడు.

"అబద్ధం సాబ్" అన్నారు ఉస్తాద్. "రాయితోని కొట్టిండు. గీ పిలగాడే."

నేను బొగ్గు ముక్క కింద పెట్టాను.

"మరి లే, నడువ్" అన్నాడు అమీన్ నాతో.

"చెవి మిగిలింది సాబ్. అయినంక తీస్కపోండ్రి. జమానత్ రాసిచ్చింది నేను. నేను సుత వస్త."

అమీన్ ఆయన్నొకసారి చూసి, రంగు డబ్బా బోర్లించుకుని కూర్చున్నాడు. ఉస్తాద్ చాయ్ తెప్పించారు. మొదట జైలు భయంతో నెమ్మదిగా గీశాను. తర్వాత సరిగ్గా రావాలని నెమ్మదిగా గీశాను. ఆ మడతలు కుదరడం లేదు. గీసి తుడిచాను, మళ్లీ గీశాను. వాడు కదలకుండా కూర్చున్నాడు.

చాయ్ అయ్యాక అమీన్ లేచి వచ్చి పలకను చూశాడు, వాడి ముఖం చూశాడు. టోపీ పెట్టుకుని, "గీసుకోండ్రి" అని సైకిలెక్కి వెళ్లిపోయాడు.

నేను ఆపలేదు. చాలని ఎవరూ అనలేదు. వెలుతురు తగ్గుతుంటే ఉస్తాద్ వచ్చి వాడి పక్కన గొంతుకూర్చున్నారు. గడ్డం పట్టుకుని వాడి ముఖాన్ని మెల్లగా తిప్పారు, మిగిలిన ఎండ ఆ చెవి మీద పడేలా.