శుక్రవారం సంతకాలు

ఆ రోజుల్ల నాకు చదువంటే ఎంత భయమో చెప్తే మీరు నవ్వుతరు. ఎనిమిదో తరగతి రెండోసారి తప్పినంక, లెక్కల పుస్తకం పట్టుకున్న పిల్లగాడు ఎదురైతే తొవ్వ మార్చి నడిచేటోణ్ణి. గట్ల ఆరు పుస్తకాలకు భయపడి బడి నుంచి పారిపోయినోణ్ణి, దేవుడు మెడ పట్టుకొని తీస్కపోయి నాలుగు వేల పుస్తకాల నడుమ కుర్చీ ఏసి కూచోబెట్టిండు. (కుర్చీ అన్న గని, అది స్టూలు. ఒక కాలు పొట్టిది. దాని కింద ఎవ్వరూ అడగని లావుపాటి పుస్తకం ఒకటి పెట్టిన. చదువు నన్ను మోసింది నా జిందగీల అదొక్కసారే.)

శాలిబండల రేకు డబ్బాలు చేసే కార్ఖానా మీది అంతస్తుల ఉండేది మా శాఖా గ్రంథాలయం. కింద పొద్దంతా టంగు టంగుమని సుత్తులు, మీద గోడకేమో ‘నిశ్శబ్దం పాటించుడి’ అని బోర్డు. నేను అటెండర్ని. పేపర్లు కర్రలకు ఎక్కియ్యాలె, దుమ్ము దులపాలె, మెట్లెక్కి వచ్చినోళ్లతోని రిజిస్టర్ల సంతకం పెట్టియ్యాలె. లైబ్రేరియన్ మేడం బందరు దిక్కు నుంచి వచ్చినామె. సన్నగుంటది, గొంతు పెద్దగ చెయ్యదు, గని పట్టుకుంటే ఇడవదు. గల్లీ అంతా ఆమెను ‘చీటీల మేడం’ అనేటోళ్లు. ఎందుకంటే ఎవరొచ్చి ఏమడిగినా ఒక చీటీ మీద రాసుకునేది. దొరికితే అప్పుడే చెప్పేది, లేకుంటే నాలుగు చోట్ల ఎతికి వారానికి చెప్పేది. దానికి ఆమె పెట్టే షరతు ఒక్కటే: “పని అయినా సరే, కాకపోయినా సరే, వచ్చి నాకు చెప్పి వెళ్లాలి.” వాళ్లొచ్చి చెప్పింది గూడ అదే చీటీ కింద రాసి బిస్కెట్ల డబ్బాల ఏసేది.

కష్టం ఎక్కడొచ్చిందంటే, మా దగ్గర పని పడి వచ్చేటోళ్లు వేరు, సంతకం పెట్టేటోళ్లు వేరు. రిజిస్టర్ ముందుకు జరిపితే కొందరు అది కోర్టు కాయితమేమో అని బెదిరి మెట్లు దిగి పోయేటోళ్లు. కొందరికి సంతకమే రాదు. ఆడోళ్లయితే లోపలికే రారు, మెట్ల మీద నిలవడి అడుగుతరు. అందుకని రోజుకొక పేజీల పైన నాలుగు సంతకాలు, కింద మైదానం.

ఒకరోజు పెద్దాఫీసు నుంచి కాయితం వచ్చింది. ‘మీ శాఖకు పాఠకులు రావడం లేదు, శనివారం అధికారి వచ్చి రిజిస్టర్ తనిఖీ చేస్తరు, సరిగ లేకుంటే శాఖను మూసీ అవతలి లైబ్రరీల కలిపేస్తం’ అని దాని సారాంశం. నేను ధైర్యం చెప్దామని, “పోతే పోనీయుండ్రి మేడం, మిమ్మల్ని ఫ్యాను ఉన్న లైబ్రరీకి ఏస్తరు” అన్న. ఆమె నా దిక్కు చూసి, “నాకు ఫ్యాను దొరుకుతుందయ్యా. మెట్ల మీద నిలబడి అడిగే ఆవిడ మూసీ దాటి ఎక్కడికి వస్తుంది?” అన్నది. ఆ దినం నుంచి బిస్కెట్ల డబ్బా ముందేసుకొని చీటీలను తారీఖు వారీగ పేర్చుడు మొదలుపెట్టింది. “ఆఫీసోళ్లు సంతకాలు అడుగుతుంటే ఈ చీటీలెందుకు మేడం?” అంటే, “మనం చేసిన పని ఇందులో ఉంది. చూడమని అడుగుతాను. చూసేదాకా అడుగుతాను” అన్నది.

పాపం, అమాయకురాలు, లోకం తెల్వదు అనుకున్న. లోకం మొత్తం తెలిసినోణ్ణి నేనున్న గద! మేడం మీటింగుకు పోయిన రెండు మధ్యాహ్నాలు రిజిస్టర్ ముందు కూచున్న. కుడి చేత్తోని, ఎడమ చేత్తోని, పెన్నుతోని, పెన్సిల్‌తోని, నిలువుగ, పండుకోబెట్టి, మూడు నెలల పేజీలు నింపిన. మా బస్తీ మొత్తాన్ని లైబ్రరీకి నడిపిచ్చిన. పేర్లు అయిపోతే చుట్టాలను పిలిచిన. చుట్టాలు అయిపోతే మా తాతను గూడ పిలిచిన. (ఆయన పోయి అప్పటికి ఆరేండ్లు. బతికున్నప్పుడు బడి ముఖం చూడనోడు, నా చేతుల పడి ఇరవై సార్లు చదువుకోనీకి వచ్చిండు.) పేజీల మీద తారీఖులు నెల మొదట్లనే, ఒకటి నుంచి ముప్పై దాక, వరసగ ఏసి పెట్టుడు నాకు అలవాటు. రోజూ ఎవరు ఏస్తరని బద్ధకం. నింపుతుంటే నడుమ నడుమ కొన్ని పేజీలు ఒక్క సంతకం లేకుండ ఖాళీగ కనవడ్డయి. చూస్తే పాపమనిపించింది. వాటికి ఇంకింత ఎక్కువ పెట్టిన.

శనివారం సఫారీ సూటేసుకొని అధికారి వచ్చిండు. రిజిస్టర్ తిప్పుతుంటే ముఖం ఇప్పారింది. నేను పెండ్లిపిల్లగాని లెక్క గోడకు ఆనుకొని నిలవడ్డ.

“ఏందమ్మా, శుక్రవారం మీ దగ్గర మస్తు రష్ ఉన్నట్టుంది?” అన్నడు.

“శుక్రవారమా సార్? శుక్రవారం మనకు సెలవు కదా” అన్నది మేడం.

“గదే నేను గూడ అనుకుంటున్న. మన లైబ్రరీలు అన్నిటికి శుక్రవారం సెలవు. మీ దగ్గర మాత్రం తాళమేసిన దినమే అరవై మంది వచ్చి చదువుకొని పోయిండ్రు. కిటికీలకెళ్లి దిగిండ్రా?”

సరిగ్గ అప్పుడే కింద సుత్తులు గూడ ఆగినయి. మేడం రిజిస్టర్ చూసింది, నన్ను చూసింది. నేను ‘నిశ్శబ్దం పాటించుడి’ బోర్డును చూసిన. తిడుతదనుకున్న. తిట్టలే. సొరుగులకెళ్లి ఎర్ర పెన్ను తీసి, “ఇవి మా అటెండరు పెట్టిన దొంగ సంతకాలు సార్. నేను చూసుకోలేదు, బాధ్యత నాది” అని ఒక్కొక్కటి కొట్టేసుడు మొదలుపెట్టింది. మూడు నెలల పేజీలు. అధికారి “ఇగ చాలమ్మా” అన్నా ఆపలే. మా తాత ఇంకో ఇరవై సార్లు చచ్చిపోయిండు. చివరికి నిజమైనవి పేజీకి నాలుగు మిగిలినయి. అధికారి పెన్ను మూత తీసిండు. ఇగ మూసేసినట్టే అనుకున్న.

మేడం బిస్కెట్ల డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టింది.

“గీ చీటీలు ఏ రూల్ల ఉన్నయమ్మా?”

“రూల్లో లేవు సార్. మీ చేత్తో మూడు తీయండి. ఆ మనుషుల్ని పిలిపిస్తాను. అబద్ధమైతే మీరే తాళం వేసుకుని వెళ్లండి.”

ఆయన కండ్లు మూసుకొని మూడు తీసిండు. మొదటిది, ‘పావురాల మెడలు వంకర పోతున్నాయి. ఏం చేయాలి?’ రెండోది, ‘భర్త రైల్వే గ్యాంగ్‌మన్, డ్యూటీలో పోయాడు. ఆ ఉద్యోగం భార్య అడగవచ్చా? ఎవరికి రాయాలి?’ మూడోది, ‘ఫలక్‌నుమా దర్జీ. కోటు కటింగు నేర్పే పుస్తకం, ఉర్దూలో. మూడు చోట్ల రాశాను. దొరకలేదు.’

మేడం నా దిక్కు తిరిగింది. “అన్ని సంతకాలు తెచ్చినవాడివి నువ్వేగా. ఇప్పుడు మనుషుల్ని తీసుకురా.”

సైకిల్ తొక్కిన. జిందగీల గట్ల ఎన్నడూ తొక్కలే. రెండు గల్లీల అవతల, పావురాల చీటీ రాయించిన కబూతర్ చాచా మేడ మీద పావురాలను ఎగరేస్తున్నడు. కింద నుంచే మొత్తుకున్న, “చాచా, లైబ్రరీ మూస్తున్నరు, జల్దీ రా!” అని. “ఠైరో మియా, సాక్ష్యం చెప్పాల్సింది నేను కాదు, ఇది” అని తెల్ల పావురం ఒకదాన్ని కుర్తాల దోపుకొని మెట్లు దిగిండు. ఆయన్ను ఇటు పంపి యాకుత్‌పురా స్టేషనుకు పోయిన. గ్యాంగ్‌మన్ భార్య ఇప్పుడు అక్కడనే నౌకరి చేస్తది. సంగతి చెప్తే, మాస్టరుకు చెప్పి రిక్షా ఎక్కింది. నేను ముందు, రిక్షా ఎనుక. (ఫలక్‌నుమా దర్జీ దాక పోనీకి టైం లేకపాయె.)

మేం వచ్చేసరికి చాచాను అధికారి అడుగుతున్నడు, “నీకు చదువొస్తదా?” అని.

“చదువొస్తే ఇంట్లనే చదువుకుందును గద సాబ్? రాదు గనుకనే లైబ్రరీకొచ్చిన. కోళ్ల రోగాల కితాబు తీసి మేడం చదివి చెప్పింది. రోగమొచ్చినయి పక్కకు పెట్టు, నీళ్ల గిన్నెలు వేరు చెయ్యి అన్నది. సగం పోయినయి, సగం దక్కినయి. దక్కిన దాన్ని తెచ్చిన, చూడుండ్రి” అని పావురాన్ని టేబుల్ మీద పెట్టిండు. అది రెండడుగులేసి, ఇప్పి ఉన్న శుక్రవారం పేజీ మీద తన సంతకం తాను పెట్టింది. (ఆ పేజీ మీద నిజమైన సంతకం అదొక్కటే.)

గ్యాంగ్‌మన్ భార్య అలవాటు కొద్ది మెట్ల మీదనే ఆగింది. అధికారే లేచి మెట్ల కాడికి పోయిండు. “సారూ, ఆర్నెల్లు ఆఫీసుల చుట్టు తిరిగిన. నాకు నౌకరి వస్తదని ఒక్కడు చెప్పలే. ఈమె రూలు ఎతికి చెప్పింది, అర్జీ రాసిచ్చింది. గిది మూసేస్తరా? అయితే గీ మెట్లు గూడ పీక్కపోండ్రి, నా అసోంటిది వచ్చి ఊకె నిలవడకుండ” అన్నది.

ఆయన ఎనుకకు వచ్చి కూచొని, మూడో చీటీ చేతుల పట్టుకొని అడిగిండు, “కాని పనులు గూడ ఎందుకమ్మా దాచిపెట్టినవు?”

“అవే ముందు దాచాలి సార్. ఆ దర్జీ మళ్లీ వస్తాడు. అప్పటికైనా నా దగ్గర జవాబు ఉండాలి కదా.”

ఆయన ఆ చీటీని మళ్ల డబ్బాల ఏసిండు. తర్వాత రాసిండు: ఈ శాఖ ఇంకొక ఏడాది ఇక్కడనే ఉండాలె, ప్రతి నెల సంతకాల రిజిస్టర్‌తో పాటు చీటీల వివరం గూడ పంపాలె అని. పోతూ పోతూ నన్ను చూసి, “వీణ్ణేం చేద్దాం?” అన్నడు. “నాకు వదిలేయండి సార్” అన్నది మేడం.

శిక్ష ఏందంటే, “శుక్రవారం అరవై మంది వస్తారని రాశావుగా. ఇకనుంచి శుక్రవారం మధ్యాహ్నం వచ్చి తలుపు తియ్యి. రాసింది నిజం చెయ్యి.” ఆఫీసుకు లెటరు రాసి అనుమతి గూడ తెప్పిచ్చింది. మొదటి శుక్రవారం మేడం, నేను, ఈగలు. రెండోది చాచా వచ్చిండు. మూడో వారం నుంచి కార్ఖానల పనిచేసేటోళ్లు నమాజు చేసుకొని, మంచి బట్టలతోని మెట్లెక్కుడు మొదలైంది. వాళ్లకు వారానికి సెలవంటే ఆ ఒక్క దినమే. మేం గూడ ఆ దినమే తాళమేసుకొని కూచుంటిమి! చదువురానోళ్లకు పేపరు చదివి వినిపిచ్చే పని నా మీద పడ్డది. గట్ల, పుస్తకానికి భయపడి పారిపోయినోణ్ణి, స్టూలు కింది లావు పుస్తకం గూడ తీసి చదివేదాక వచ్చిన. (బాగనే ఉన్నది. స్టూలుకు ఇటుక పెట్టిన.)

మొన్న మలక్‌పేటల మేడం ఇంటికి పోయిన. ఆమె రిటైరై శానా ఏండ్లయింది, నా నెత్తి మీద గూడ ఎంట్రుకలు రిటైరైనయి. చాయ్ తాగుకుంట, పాత కుర్రతనం పొంగుకొచ్చి, “ఎంతైనా మేడం, శుక్రవారం లైబ్రరీ తెరవాలన్న ఐడియా అసల్ నాదే గద?” అన్న.

ఆమె కండ్లద్దాలు సర్దుకొని నన్ను ఒకసారి పైకీ కిందికీ చూసింది.

“నీదేనయ్యా, నేను కాదన్నానా? మీ తాతగారి చేత ఒక సంతకం పెట్టించుకురా, ఒప్పేసుకుంటాను.”