మంచం మీది స్పీకరు

ముందే చెబుతున్నాను, నాకు దయ్యాలూ భూతాలూ అంటే నమ్మకం లేదు. మా లైన్లో ఆడవాళ్లు మేడమెట్ల మీద ఎవరో నడిచారని చెప్పుకుంటుంటే, పిల్లి అయ్యుంటుంది, పోయి పని చూసుకోండి అనేదాన్ని. చనిపోయినవాళ్లు ప్రభువు దగ్గర నిద్రపోతారని చిన్నప్పుడు మిషను బడిలో చెప్పారు. నాలుగో తరగతితో నా చదువు ఆగింది గాని ఆ మాట మాత్రం గట్టిగా పట్టుకున్నాను. అందుకే పోయిన ఏడాది మా ఇంట్లో జరిగింది బయటివాళ్లకి చెప్పలేదు. చెబితే నన్నే నవ్వుతారు.

మాది కలకత్తా పక్కన హౌరా. మా మామగారి కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాం. రెండు గదులు, ఒక వరండా. ఇంట్లో నేను, కొడుకు, కోడలు, మనవరాలు రూతు. కొడుకుదీ రైల్వే డ్యూటీయే. రూతు న్యూ టౌన్‌లో కంప్యూటరు ఆఫీసుకి వెళ్తుంది.

మా ఆయన రైల్వే వర్క్‌షాపులో చక్రాలు చూసేవారు. సుత్తితో చక్రం మీద కొట్టి, అది మోగిన తీరును బట్టి పగులుందో లేదో చెప్పేవారు. ముప్పై ఏళ్లు ఆ చప్పుళ్లలో ఉండి, రిటైరయ్యేసరికి చెవులు పోయాయి. చెవికి మిషను పెట్టిస్తే, గీపెడుతోందని తీసి డబ్బాలో పడేశారు.

టీవీ ముందు కూర్చుంటే అరచెయ్యి దాని పక్కన ఆనించేవారు. పాట వస్తోందో మాట వస్తోందో ఆ అదురును బట్టి తెలిసేదట. మాది వెనకాల పెద్ద డబ్బా ఉండే పాత టీవీ. బొమ్మ బాగానే వస్తోంది కదా, ఎందుకు మార్చాలి అని నేనే మార్చనివ్వలేదు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. పొద్దుగూకాక మా ఇంట్లో కుటుంబ ప్రార్థన ఉంటుంది. ప్రార్థన నేనే చేస్తాను. అందరూ కళ్లు మూసుకుంటే ఆయన మాత్రం తెరిచి నా పెదాలు చూసేవారు. మేమందరం ఆమేన్ అని నోళ్లు మూశాక, గొంతు సవరించుకుని, అప్పుడు ఆయన ఒక్కరే "ఆమేను" అనేవారు. చివర కొంచెం సాగేది. రూతు చిన్నప్పుడు దానికే నవ్వేది. నాకు మాత్రం చిరాకు. అందరితో కలిపి అనలేరా అని ఎన్నోసార్లు కసిరాను.

పోయిన ఏడాది వానల్లో రూతు ఒక పెట్టె తెచ్చింది. తీగలు లేకుండా పలికే స్పీకర్లు రెండు. ఒకటి తాత మంచం దగ్గర పెడదాం, చెయ్యి ఆనిస్తే పాట బాగా తెలుస్తుంది అని సంబరపడింది.

"సెవిటోడికి స్పీకరేటే? అట్టుకెళ్లి తిరిగిచ్చీ" అన్నాను.

ఆయన అక్కడే కూర్చుని ఉన్నారు. చెవులకి వినబడదు గాని నా పెదాలు చదవగలరు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అన్నాను.

రూతు తిరిగి ఇవ్వలేదు. అలాగని విప్పనూ లేదు. బీరువా మీద పెట్టింది. ఆయన రెండు మూడుసార్లు దాని వైపు చూడడం నేను చూశాను. ఎప్పుడూ అడగలేదు.

ఆఖరి రోజు సాయంత్రం కూడా ప్రార్థన అయింది. స్టవ్వు మీద పప్పు ఉంది. గ్యాసు వృథాగా పోతోందని ఆమేన్ అంటూనే లేచిపోయాను. ఆయన గొంతు సవరించుకోవడం వినబడింది. అయిపోయింది, లేవండి అన్నట్టు చెయ్యి ఊపాను. ఆయన తెరిచిన నోరు మూసుకున్నారు. అన్నం తిని పడుకున్నారు. తెల్లారి లేవలేదు.

నలభయ్యో రోజున ఆదరణ కూడిక పెట్టుకున్నాం. చర్చి సంఘంవాళ్లు వస్తారు, రెండు గదుల్లోనూ వరండాలోనూ కూర్చోవాలి. పాటల డిస్కు టీవీలో వేస్తే అందరికీ వినబడాలని కొడుకు అన్నాడు. ముందు రోజు సాయంత్రం రూతు ఆ పెట్టె దింపింది. ఈసారి నేనేమీ అనలేదు.

పాత టీవీ ఈ స్పీకర్లతో నేరుగా కలవదట. మధ్యలో అగ్గిపెట్టెంత డబ్బీ ఒకటి ఉండాలి. రూతు దాని తీగని టీవీ వెనకాల ఎర్ర, తెల్ల రంధ్రాల్లో దూర్చి, తన ఫోను ఛార్జరు తీసి డబ్బీకి పెట్టింది. స్పీకర్ల మీద నీలం లైటు ఆరుతూ వెలుగుతూ ఉంది. డబ్బీ దొరికితే లైటు నిలబడుతుందని చెప్పింది. లైటు నిలబడింది గాని శబ్దం లేదు. కోడలు టార్చి పట్టుకుంటే తెలిసింది, శబ్దం లోపలికి వచ్చే రంధ్రాల్లో పెట్టింది. బయటికి పోయేవి వాటి కిందున్నాయి. మార్చగానే వరండాలో పెట్టినదాంట్లోంచీ, లోపలి గదిలో ఆయన మంచం మీద పెట్టిన స్పీకరులోంచి పాట వచ్చింది.

అయితే టీవీలో ఒకసారి, లోపల ఇంకోసారి. లోపలిది రెప్పపాటు వెనకబడి వస్తోంది.

"డబ్బీలోంచి తిరిగి రావాలి కదా మామ్మా, ఏక్టు లేటవుతాది" అంది రూతు. ఏక్టు అంటే బెంగాలీలో కొంచెం.

"అచ్చం మావయ్యే. అందరి తరవాత" అంది కోడలు. అని నాలిక కరుచుకుంది.

రూతు టీవీ సౌండు పూర్తిగా తగ్గించేసింది.

నేను లోపలికి వెళ్లి ఆ స్పీకరు మీద అరచెయ్యి ఆనించాను. మోచేతి దాకా అదిరింది. డోలకు దెబ్బ వేరుగా, పాడే గొంతు వేరుగా తెలుస్తోంది. టీవీ పక్కన ఎంత ఆనించినా అలా తెలియదు. ఆయన బతికుండగా ఆ పెట్టె ఎన్నాళ్లు బీరువా మీద ఉందో లెక్క వెయ్యడానికి నాకు ధైర్యం చాలలేదు.

ప్రార్థన వేళయింది. అలవాటు ప్రకారం బోర్డు మీద స్విచ్చులన్నీ ఆపేశాను. టీవీ ఆగింది, డబ్బీ ఆగింది. స్పీకర్లలో బ్యాటరీ ఉంటుంది గనక వాటి లైట్లు మళ్లీ ఆరుతూ వెలుగుతూ ఉన్నాయి. ఛార్జరు డబ్బీకి పెట్టేయడంతో రూతు ఫోను ఆగిపోయి ఉంది. కోడలిది బటన్ల ఫోను. కొడుకు డ్యూటీలో ఉన్నాడు.

ముందు గదిలో ముగ్గురం మోకరించాం. లోపలి గది తలుపు తీసే ఉంది, మంచం నాకు ఎదురుగా ఉంది. ప్రార్థన చేశాను. ఆమేన్ అన్నాం.

లోపలి గదిలో గొంతు సవరించుకున్న చప్పుడైంది. తర్వాత "ఆమేను" అని వినబడింది. చివర సాగింది.

కళ్లు తెరిచాను. మంచం మీది స్పీకరు లైటు నిలబడి ఉంది. నేను చూస్తుండగానే మళ్లీ ఆరుతూ వెలగడం మొదలుపెట్టింది.

నాకొక్కదానికే వినబడి ఉంటే ముసలిదాని భ్రమ అనుకునేదాన్ని. కోడలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. రూతు మోకాళ్ల మీదే లోపలి వైపు తిరిగి ఉంది.

"తాత" అంది. అంతే.

కొడుకు వచ్చాక చెబితే పక్కింటివాళ్ల ఫోను కలిసి ఉంటుందన్నాడు. పక్కింటి బెంగాలీ పెద్దావిడని, మాసీమాని అడిగాను. ఆ సాయంత్రం ఇంటిల్లిపాదీ పెళ్లికి వెళ్లారు, ఇంటికి తాళం. పేరు పెట్టి పిలిస్తే ఈ స్పీకర్లు జవాబు కూడా చెబుతాయట గాని దానికి ఇంటర్నెట్టు కావాలి, అది మా ఇంట్లో లేదు. టీవీ మిస్త్రీ వచ్చి అన్నీ విప్పి చూశాడు. పాత శబ్దాన్ని దాచుకునే జాగా వీటిలో ఉండదన్నాడు.

ఆయన గొంతు ఎక్కడైనా రికార్డయి ఉందేమోనని రూతు తన ఫోనులో వీడియోలన్నీ వెతికింది. పండగల్లో, పుట్టినరోజుల్లో, అన్నింటిలోనూ ఆయన ఉన్నారు. ఒక మూల కూర్చుని మా నోళ్ల వైపు చూస్తున్నారు. ఒక్క దాంట్లోనూ మాట్లాడలేదు.

మర్నాడు కూడికకి ఇంటినిండా జనం. పాస్టరుగారి ప్రార్థనకి అందరూ ఆమేన్ అన్నారు. నేను లోపలి గది వైపే చెవి పెట్టి కూర్చున్నాను. ఏమీ రాలేదు. ఆ తర్వాత కూడా ఎన్నడూ రాలేదు.

"ఆ దినం మిగిలిపోయిందే అయ్యుంటాది అత్తా" అంటుంది కోడలు. నేను అవుననను, కాదనను. దయ్యం అని మాత్రం చచ్చినా అనను. అదేమిటో నాకు నిజంగా తెలియదు.

ఇప్పుడు స్టవ్వు ముందే ఆపేసి ప్రార్థనకి కూర్చుంటున్నాను. ఆమేన్ అన్నాక, ఒక మనిషి గొంతు సవరించుకుని ఒక్క మాట అనడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగుతాను. పడుకునే ముందు ఇంట్లో స్విచ్చులన్నీ ఇప్పటికీ నేనే ఆపుతాను. మంచం మీది స్పీకరుకి పెట్టిన ఛార్జరు ఒక్కటి ఆపను. ఎందుకని ఇంట్లో ఎవరూ అడగలేదు.