వాక్కాయ జాడీ

హిందీ ప్రాంతపు ఉక్కు కాలనీ బారిడీహ్‌లో ఈశ్వరి ఇంటి వెనక ఉన్న వాక్కాయ పొద, ఆమె భర్త అప్పన్న పోయాక కాయడం మానేసింది. ప్లాంటులో క్రేన్లకు తాళ్లు కట్టిన మనిషి ఆయన. ఊరగాయ జాడీకి వాసెన కట్టేదీ ఆయనే.

ఆ వానాకాలం పొద మళ్లీ విరగకాసింది. ఈశ్వరి కాయలకు ఉప్పూ కారం పట్టించి, జాడీకెత్తి, గుడ్డ వదులుగా కట్టింది. తెల్లారి చూస్తే గుడ్డ బిగిసి ఉంది. అది అప్పన్న వేసే మెలికల ముడి. ఇంట్లో ఇంకెవరికీ రాదు.

"రోహిణీ, జాడీని నువ్వు ముట్టుకున్నావేటే?"

"నహీ మా, అభీ తో ఉఠీ హూఁ," అంది అప్పుడే నిద్ర లేచిన కూతురు.

ఈశ్వరి జాడీ ముందు చతికిలబడింది. "ఉప్పు సరిపోనాదేటి?" అని, ఎదురుగా అప్పన్న ఉన్నట్టే అడిగింది.

ముడి విప్పబోయి చెయ్యి వెనక్కి లాక్కుంది. ఎవరో ఇప్పుడే వదిలినట్టు ముడి ఇంకా వెచ్చగా ఉంది.

ఆ జాడీని ఆమె తెరవనే లేదు.